నడిస్తేనే కారే ఆయిల్

బండి కింద నేల పొడిగా ఉంటే ఆయిల్ ఎక్కడా కారడం లేదని ధీమాగా ఉంటాం. అమెరికాలో లక్షల్లో అమ్ముడైన ఒక పికప్ ట్రక్కు దగ్గర ఆ ధీమా పనికిరాదు. షెవ్రొలే సిల్వరాడో, దానికి కవల లాంటి జీఎంసీ సియెర్రా: 1999 మోడల్ నుంచి 2007 దాకా వచ్చిన తరంలోని ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ల సంగతి ఇది. రాత్రంతా షెడ్డులో నిలబెట్టినా ఒక్క చుక్క పడదు. హైవే ఎక్కాక మాత్రం గేరుబాక్సు వెనకాల బిగించి ఉండే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోంచి ఆయిల్ సన్నటి తుంపరగా బయటికి పోతూ ఉంటుంది. ఆ తుంపర వెనక్కి కొట్టుకుపోయి బండి అడుగున, టెయిల్‌గేట్ మీద జిడ్డుగా పేరుకుంటుంది. యజమాని దాన్ని రోడ్డు మురికనుకుని కడిగేస్తాడు. కొన్నాళ్లకు కింద నుంచి కీచుమని అరుపు మొదలవుతుంది. అప్పటికి లోపల ఆయిల్ మిగిలి ఉండదు.

ఆ పెట్టె విప్పి వేరేది బిగించడం చెయ్యి తిరిగిన మెకానిక్కుకు ఒక పూట పని. పాతది దేనివల్ల పోయిందో కనుక్కోవడం అంతకంటే ముఖ్యం. ఎక్కువమంది వదిలేసేదీ అదే. కారణం బండిలోనే ఉండిపోతే కొత్త పెట్టెకూ అదే గతి పడుతుంది.

ముందు అది చేసే పని చూద్దాం. ఇంజను బలం గేరుబాక్సు దాటాక ఒకే షాఫ్టుగా బయటికి వస్తుంది. దాన్ని అందుకుని వెనక ఇరుసుకూ, అవసరమైతే ముందు ఇరుసుకూ పంచేది ట్రాన్స్‌ఫర్ కేస్. మామూలు రోడ్డు మీద, అంటే టూ హైలో, బలమంతా నేరుగా వెనక్కి పోతుంది. ఫోర్ హైలో పెడితే లోపల ఒక స్లీవు జరిగి మెయిన్ షాఫ్టుకూ చైను చక్రానికీ లంకె పడుతుంది. ఆ చైను పక్కగా, కాస్త కిందగా ఉన్న రెండో షాఫ్టును తిప్పుతుంది. ముందు చక్రాలకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు తగిలించేది దానికే.

ఫోర్ లో సంగతి వేరు. అక్కడ పని చేసేది ప్లానెటరీ గేరు. నడుమ ఒక చిన్న పళ్ల చక్రం, దాన్ని ఆనుకుని పిల్ల చక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలి వైపు పళ్లున్న ఒక వలయం. వలయం కేసులోనే బిగిసి కదలకుండా ఉంటుంది. ఇంజను నడిమి చక్రాన్ని తిప్పితే పిల్ల చక్రాలు వలయం వెంట దొర్లుతూ తమను మోసే చట్రాన్ని నెమ్మదిగా తిప్పుతాయి. వలయం పళ్లను నడిమి చక్రం పళ్లతో భాగించి ఒకటి కలిపితే నిష్పత్తి వస్తుంది. ఈ ట్రక్కుల్లో అది 2.72. లోపల 2.72 చుట్లకు బయట ఒక్క చుట్టు. వేగం ఎంత తగ్గిందో, ఘర్షణ నష్టం పోను, తిప్పే బలం అంత పెరుగుతుంది.

ఇది చక్రం దగ్గర ఎంత తేడా తెస్తుందో లెక్క వేయవచ్చు. ఆ రోజుల సిల్వరాడోలో ఎక్కువగా కనిపించే 4ఎల్60-ఇ ఆటోమేటిక్ గేరుబాక్సులో మొదటి గేరు 3.06. ఇరుసు నిష్పత్తి 3.73 అనుకుందాం. రెండూ గుణిస్తే 11.4. ఫోర్ లో పడితే 31. టైరు చుట్టుకొలత రెండున్నర మీటర్ల లోపు. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే మొదటి గేరులో హైలో గంటకు 26 కిలోమీటర్లు, లోలో తొమ్మిదిన్నర. అదే ఇంజను, అదే పెట్రోలు. చక్రం దగ్గర బలం దాదాపు మూడింతలు. మంచులో దిగబడ్డ పడవ ట్రైలర్‌ను లాగేది ఈ లెక్కే.

ఇంత బలం మోసే పెట్టెను పాతరోజుల్లో పోత ఇనుముతో చేసేవారు. 1960లు, 70ల ట్రక్కుల్లో ఎన్‌పీ 205 అనే మోడల్ ఉండేది. 60 కిలోలు దాటే బరువు, లోపల చైను లేదు, అన్నీ గేర్లే. పంపు కూడా లేదు. అడుగున ఉన్న ఆయిల్‌లో గేర్లు మునిగి తేలుతూ మిగతా భాగాల మీదికి చిమ్మేవి. లో నిష్పత్తి 1.96 మాత్రమే, పైగా మోత. అయినా దాన్ని ఇప్పటికీ వెతుక్కుని కొనేవాళ్లున్నారు. ఎన్‌పీ అంటే న్యూ ప్రాసెస్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో 1888లో పుట్టిన ఆ కంపెనీ మొదట్లో చేసింది ఇనుప గేర్లు కాదు. మోత లేకుండా తిరగాలని పచ్చి తోలును అణిచి పళ్ల చక్రాలు చేసేది. తోలు గేర్ల నుంచి ట్రక్కుల దాకా వచ్చి, 1990లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ ఉమ్మడి సంస్థ న్యూ వెంచర్ గేర్‌లో భాగమైంది. అందుకే ఒకే పెట్టెను కొందరు ఎన్‌పీ అంటారు, కొందరు ఎన్‌వీ అంటారు. సిరక్యూస్ శివార్లలోని ఆ ఫ్యాక్టరీ 2012లో మూతపడింది.

1973 చమురు సంక్షోభం, 1975లో అమెరికా తెచ్చిన ఇంధన చట్టం బండి బరువు మీద అందరి దృష్టి పడేలా చేశాయి. 1980లో వచ్చిన ఎన్‌పీ 208లో ఇనుము పోయి అల్యూమినియం, గేర్ల బదులు చైను, లో గేరుకు ప్లానెటరీ వచ్చాయి. తర్వాతి మెట్టు మెగ్నీషియం. ఘన సెంటీమీటరుకు పోత ఇనుము ఏడు గ్రాములు దాటుతుంది, అల్యూమినియం 2.7, మెగ్నీషియం 1.74. మన సిల్వరాడోలో ఉండే 246, 261, 263 నంబర్ల పెట్టెలు మెగ్నీషియం మిశ్రమలోహంతో పోత పోసినవి. బరువు సుమారు 40 కిలోలు. ఇంత బలం మోసే పెట్టెకు ఆ బరువు తక్కువే, అందులో పొరపాటేమీ లేదు. పొరపాటు జరిగింది పంపు దగ్గర.

చైను, ప్లానెటరీ వచ్చాక ఆయిల్ చిమ్మితే సరిపోదు. మెయిన్ షాఫ్టు మధ్యలో బోలుగా ఉండి, ఆయిల్ ఆ సొరంగం గుండా పోయి లోపలి బేరింగులకు అందాలి. అందుకు వెనక సగంలో షాఫ్టు మీద ఒక చిన్న పంపు ఉంటుంది. షాఫ్టుతో పాటు పంపు లోపలి చక్రం తిరుగుతుంది. బయటి గుల్ల తిరగకూడదు. తిరగకుండా ఆపడానికి గుల్ల చుట్టూ చిన్న కొమ్ములు పోసి, వాటిని కేసు గోడలోని గాళ్లలో ఆనించారు. బోల్టు లేదు. బండి నడుస్తున్నంతసేపూ గుల్ల కూడా తిరగాలని చూస్తుంది, కొమ్ములు గోడను ఒత్తుతాయి, షాఫ్టు అదురుకు సన్నగా కొడుతూ ఉంటాయి. కొమ్ములు గట్టివి, మెగ్నీషియం మెత్తనిది. లక్ష కిలోమీటర్లు, ఆ పైన ఇంకొంత తిరిగేసరికి గోడ గీసుకుపోయి పిన్ను దూరేంత బొక్క పడుతుంది.

ఆ బొక్క పడే చోటే అసలు కీడు. అది నిలకడగా ఉన్న ఆయిల్ మట్టం కంటే పైన ఉంటుంది. బండి ఆగి ఉంటే ఆయిల్ అంతా అడుగున ఉంటుంది, కారడానికి ఏమీ ఉండదు. షాఫ్టు తిరగడం మొదలైతే చైను, పంపు ఆయిల్‌ను పైకి లేపుతాయి. అది గోడకు కొట్టుకుని బొక్కలోంచి బయట పడుతుంది. మొత్తం ఉండేదే రెండు లీటర్లు. బేరింగులకు ఆయిల్ అందించడానికి పెట్టిన పంపు, ఆ ఆయిల్‌నే ఖాళీ చేసిందన్నమాట. ఇంజనీర్లు ఇక్కడ ఒక బోల్టుకు పిసినారితనం చూపించారని నా అభిప్రాయం. అమెరికా మెకానిక్కులు దీన్ని పంపు రబ్ అంటారు. కొమ్ములకూ గోడకూ మధ్య పెట్టే ఉక్కు రక్షణ ముక్కలు, మెరుగుపరిచిన పంపు గుల్లలు బయటి కంపెనీల నుంచి దొరుకుతాయి. పెట్టెతో పోలిస్తే వాటి ఖరీదు ఏపాటిది!

అన్ని పెట్టెలూ బొక్క పడే పోవు. చైను కూడా అరుగుతుంది. చైను సాగిందంటారు గానీ నిజానికి పలకలు సాగవు. ప్రతి జాయింటు దగ్గర పిన్ను వెంట్రుకవాసి అరుగుతుంది, జాయింట్లన్నీ కలిసి మొత్తం పొడవు పెరుగుతుంది. వదులైన చైను పూర్తి బలం పడ్డప్పుడు పంటి మీదుగా ఎగిరి పడుతుంది. ఫోర్ లోలో కొండ ఎక్కుతుంటే ఎవరో సుత్తితో కింద కొట్టినట్టు వినిపించే దబ్బుమనే మోత అదే. స్లీవును జరిపే షిఫ్ట్ ఫోర్కుకు ఉండే ప్లాస్టిక్ ప్యాడ్లు అరిగితే లో దానంతట అదే జారిపోయి న్యూట్రల్‌లో పడుతుంది, దిగుడులో అది ప్రమాదం.

డ్రైవరు చేతుల్లో జరిగే నష్టం ఇంకొకటి ఉంది. దీనికి పెట్టెను తప్పుపట్టలేం. ఫోర్ హైలో ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరగాలి, మధ్యలో సర్దుకునే డిఫరెన్షియల్ లేదు. మలుపులో అది కుదరదు. చక్రాల మధ్య దూరం సుమారు 3.6 మీటర్లున్న బండి, వెనక ఇరుసు 6 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతోందనుకుందాం. పైథాగరస్ లెక్క ప్రకారం ముందు ఇరుసు 7 మీటర్ల వ్యాసార్ధంలో తిరగాలి. పావు చుట్టు తిరిగేసరికి వెనకది తొమ్మిదిన్నర మీటర్ల లోపు, ముందుది 11 మీటర్లు పోవాలి. మంచులో, బురదలో, ఇసుకలో టైర్లు జారి ఆ తేడా సరిపెట్టుకుంటాయి. పొడి తారు మీద జారలేవు. అప్పుడు రెండు కొసలు పట్టుకుని తడిబట్ట పిండినట్టు షాఫ్టులు, చైను, యూజే క్రాసులు మెలిపడతాయి. స్టీరింగు బిగుస్తుంది, టైర్లు ఎగిరెగిరి పడతాయి. ఫోర్ హై తీసేద్దామన్నా స్లీవు బిగుసుకుపోయి రాదు. కాస్త వెనక్కి నడిపితే మెలి విడుతుంది.

టైర్లు అన్నీ ఒక సైజులో లేకపోయినా ఇదే జరుగుతుంది, ఈసారి నేరుగా పోతున్నప్పుడు కూడా. ముందు టైరు వెనకదాని కంటే వ్యాసార్ధంలో 5 మిల్లీమీటర్లు ఎక్కువ అరిగితే కాగితం మీద లెక్కకు చుట్టుకు 31 మిల్లీమీటర్ల తేడా. కిలోమీటరుకు 400 చుట్లంటే 12 మీటర్లు. 246 రకం పెట్టెలో ఆటో అనే ఇంకో స్థానం ఉంటుంది: వెనక చక్రం జారితే కంప్యూటరు ఒక మోటారుతో క్లచ్ ప్లేట్లను నొక్కి ముందు చక్రాలకు బలం పంపుతుంది. ముందు, వెనక షాఫ్టుల వేగాలు కలవకపోతే జారుడు అనుకుని ఆ క్లచ్‌ను పదే పదే నొక్కుతుంది. ప్లేట్లు మాడిపోతాయి. రెండు టైర్లు కొని డబ్బు మిగుల్చుకున్నవాళ్లు దానికి ఎన్నో రెట్లు ఇక్కడ కడతారు.

ఇక విప్పే పని. విప్పకముందే ఆయిల్ చాలా చెబుతుంది. 246లో పోసే ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు నీలం రంగు, గేరుబాక్సులోది ఎరుపు. ఫిల్ ప్లగ్ విప్పగానే ఎర్రటి ఆయిల్ పొంగి వస్తే రెండింటి మధ్య సీలు పోయింది, గేరుబాక్సు ఆయిల్ ఇటు దిగుతోంది. కొత్త పెట్టె వేసి ఆ సీలు మార్చకపోతే గేరుబాక్సు ఎండిపోతుంది. అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది. దాని మీద మెత్తటి బూడిదరంగు ముద్ద ఉంటే మామూలు అరుగుదల. వేలితో రాస్తే గుచ్చుకునే పలుకులు తగిలితే బేరింగో గేరో విరుగుతోంది. మెగ్నీషియానికి అయస్కాంతం అంటదు కాబట్టి గోడ అరిగిన పొడి అక్కడ కనపడదు. ఆయిల్‌ను వెలుతురులో పెడితే వెండి మెరుపులా తేలుతుంది. ఆయిల్ బాగుండి, మోత ఫోర్ హైలోనే వస్తే చైనునూ ముందు షాఫ్టు బేరింగునూ అనుమానించాలి. అన్ని స్థానాల్లోనూ వస్తే వెనక బేరింగు.

ఒక మాట గుర్తుపెట్టుకోండి: డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోకముందు ఫిల్ ప్లగ్ విప్పాలి. పైది తుప్పుకు బిగుసుకుపోయిందని కింద అంతా కార్చేశాక తెలిస్తే బండి కదలదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఇది మామూలు. మెగ్నీషియానికి ఉక్కు బోల్టు తగిలి మధ్యలో ఉప్పునీరు చేరితే అక్కడొక చిన్న బ్యాటరీ తయారవుతుంది, కరిగేది మెగ్నీషియమే. అందుకే దారాలు తెల్లటి పిండి పట్టి ఉంటాయి, తొందరపడితే తెగి వస్తాయి.

బండిని నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి బ్యాటరీ తీసేస్తారు. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేముందు, ఏ చెవి ఏ చెవికి కలిసిందో పెయింటుతో గీత పెడతారు. తిప్పి బిగిస్తే బ్యాలెన్సు పోయి హైవే మీద అదురు వస్తుంది. షాఫ్టులు రెండూ దింపాక వైర్లు, గాలి గొట్టం, షిఫ్ట్ మోటారు ఊడదీయాలి. పెట్టెను గేరుబాక్సుకు పట్టి ఉంచేవి ఆరు నట్లే. పైవాటికి చెయ్యి అందదు, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ కావాలి. 40 కిలోల సరుకును పడుకుని గుండె మీద దింపుకున్న వీరుల కథలు చాలానే ఉన్నాయి. వాళ్లను అనుకరించకండి, ట్రాన్స్‌మిషన్ జాకీ అద్దెకు దొరుకుతుంది. జాకీ మీద బిగించి వెనక్కి లాగితే గేరుబాక్సు షాఫ్టు మీది స్ప్లైన్ల నుంచి, అంటే పళ్ల లాంటి గాళ్ల నుంచి, జారి వస్తుంది.

కొత్తది తెచ్చేముందు పాతదాని వెనక గుండ్రటి బిళ్ల చదవాలి. మోడలు, నిష్పత్తి దాని మీద ఉంటాయి. 4ఎల్60-ఇ గేరుబాక్సుకు 27 స్ప్లైన్లు, బరువు ట్రక్కుల్లోని 4ఎల్80-ఇకి 32 స్ప్లైన్లు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదానికొకటి ఎక్కవు. బిగించేటప్పుడు పెట్టె, షిఫ్ట్ మోటారు రెండూ ఒకే స్థానంలో ఉండాలి. లేకుంటే డాష్ మీద ఒకటి చూపిస్తూ లోపల ఇంకొకటి ఉంటుంది. ఆయిల్ ఫిల్ రంధ్రం కింది అంచు దాకా రావాలి, బండి సమంగా ఉన్నప్పుడు.

ఎక్కడ కొనాలన్నది చివరి తలనొప్పి. జంక్‌యార్డులో చవక, కానీ అక్కడున్నది కూడా అదే వయసు, అదే పంపు, అదే మెత్తటి గోడ. తెచ్చినదాన్ని వెనక సగం విప్పి, గోడ చూసి, ఉక్కు ముక్కలు పెట్టి, సీళ్లు మార్చి ఎక్కిస్తే అది తెలివైన బేరం. అలాగే ఎక్కిస్తే జూదం. రీబిల్ట్ యూనిట్ కొంటే పాత పెట్టె వాపసు ఇచ్చేదాకా కోర్ డిపాజిట్ పట్టుకుంటారు. గోడకు పెద్ద బొక్క పడిందని కోర్ తిరగ్గొట్టే అమ్మకందారులూ ఉంటారు, ముందే అడగాలి. పంపు దగ్గర ఏం మార్చారో చెప్పలేని రీబిల్డరు దగ్గర నేనైతే కొనను.

టైర్ల లెక్క, పొడి తారు లెక్క అమెరికాకే పరిమితం కావు. 2016 నుంచి తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్ కూడా మధ్య డిఫరెన్షియల్ లేని పార్ట్ టైమ్ బండే. పెట్టె వేరు, పంపు వేరు, మెలిపడే తీరు మాత్రం అదే. మారేడుమిల్లి ఘాటులో తారు పొడిగా ఉంటే గుండ్రటి నాబ్ టూ హై మీదే ఉండనివ్వండి. డాలస్‌లోనో డెట్రాయిట్‌లోనో ఉన్న బంధువు పాత సిల్వరాడో కొంటున్నాడని తెలిస్తే ఈ ఒక్కటి చెప్పండి: బేరం ఆడేముందు కిందికి దూరి ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక సగం మీద చెయ్యి పెట్టి చూడాలి, ఫిల్ ప్లగ్ విప్పించాలి. జిడ్డు తగిలి, లోపల ఆయిల్ తగలకపోతే పెట్టె ఖరీదు ధరలోంచి తీసేయాలి. ప్లగ్ విప్పడానికి యజమాని ఒప్పుకోకపోతే ఆ బండి కొనవద్దు.